చక్రాల మీద ఇల్లు: సెలవులు చౌకా, ఖరీదా?

పూర్వం మన పల్లెల నుండి పెద్ద కూటములకు వెళ్ళాలంటే గూడుబండి కట్టేవారు. బండిలో వరిగడ్డి పరిచి, దాని మీద బొంత వేసి, పిల్లలను ఎక్కించి, బియ్యం మూట, చింతపండు, ఊరగాయ జాడీ, లాంతరు సర్దుకొని బయలుదేరేవారు. చెరువు గట్టున చెట్టు కింద ఎడ్లను విప్పితే అదే ఇల్లు, అదే వంటిల్లు. గది అద్దె ఎంత అన్న ప్రశ్నే లేదు. ఎడ్లు సొంతం, గడ్డి సొంతం, ఖర్చయ్యేది రెండు పూటల బియ్యం. తరువాత లారీలు, ఆపైన మినీ బస్సులు వచ్చినా, మెదక్ చర్చి చూడటానికో ఊటీకో వెళ్ళేవారు గ్యాసు పొయ్యిని, వంటమనిషిని వెంటబెట్టుకొని పోవడం నేటికీ చూస్తూనే ఉన్నాము.

ఈ గూడుబండికే పాశ్చాత్య దేశాలవారు ఇంజను పెట్టుకున్నారు. దాని పేరు మోటారుహోము. ప్రియ పాఠకులలో చాలామందికి దానితో పని పడదు. కాని పిల్లలు విదేశాలలో స్థిరపడిన కుటుంబాలు ఇప్పుడు మన సంఘాలలో కొల్లలు. ఆ పిల్లల ఇళ్ళలో ఈ మాట వస్తోంది. మా ఇంట్లోనూ వచ్చింది.

మా అమ్మాయి ఇంగ్లాండులో నర్సు. అల్లుడుగారు అక్కడే ఒక గిడ్డంగిలో ఉద్యోగం. తొమ్మిదేళ్ళ మనుమడు, ఏడేళ్ళ మనుమరాలు. మేమిద్దరం ఆరు నెలల సందర్శక వీసా మీద వెళ్ళి వారి వద్ద ఉన్నప్పుడు రాత్రి భోజనాల దగ్గర తరచు నడిచిన చర్చ ఒక్కటే, అప్పు చేసి మోటారుహోము కొనాలా, వద్దా? పక్కింటి ఇంగ్లీషు దంపతులు ఉద్యోగాలు విరమించినవారు. ప్రతి చలికాలం తమ బండిలో స్పెయిన్ వెళ్ళి వస్తారు. “ఇంట్లో ఉన్నదాని కంటే అక్కడే మాకు చౌక” అని ఆ పెద్దాయన అన్న మాట అల్లుడుగారి చెవిలో పడింది. “చూశారా మావయ్యగారూ, హోటళ్ళకు పోసేది మిగుల్చుకోవచ్చు” అంటారు ఆయన. అమ్మాయి పెదవి విప్పదు. ఆ మాటలో నిజమెంతో తేల్చాలని మేము కాగితం, పెన్సిలు తీసుకొని కూర్చున్నాము.

ముందు ఆ బండి సంగతి చెప్పాలి. యూరపులో తిరిగే మోటారుహోములు చాలావరకు ఫియట్ డుకాటో అనే వ్యాను చట్రం మీద కట్టినవి. లోపల మంచం, గ్యాసు పొయ్యి, చిన్న ఫ్రిజ్, సుమారు నూరు లీటర్ల నీళ్ళ ట్యాంకు, వాడిన నీళ్ళకు వేరే ట్యాంకు, దీపాలకు ప్రత్యేకమైన బ్యాటరీ ఉంటాయి. మరుగుదొడ్డి కూడా ఉంటుంది. దాని కింద ఒక డబ్బా. అది నిండగానే బయటికి లాగి, అందుకని కేటాయించిన చోట కుమ్మరించి కడిగి తేవాలి. అది ఇంటి యజమాని పని! పక్కింటివారు ఒక రోజు మమ్మల్ని ఆ బండిలో సముద్రతీరానికి తీసుకువెళ్ళారు. అందులో టీ కాచి ఇచ్చారు. సొగసుగానే ఉంది, కాని ఇద్దరు నిలబడితే మూడో మనిషి మంచం ఎక్కి కూర్చోవలసిందే.

ఆ పెద్దాయన చెప్పిన లెక్క అబద్ధం కాదు. రోజువారీ ఖర్చు నిజంగానే తక్కువ. అలాంటి బండి లీటరు డీజిలుకు తొమ్మిది, పది కిలోమీటర్లు నడుస్తుంది. ఫ్రాన్సు తీరంలోని కాలే పట్టణం నుండి దక్షిణ స్పెయిన్ సుమారు రెండు వేల కిలోమీటర్లు. రాను పోను, అక్కడ తిరగడానికి కలిపి ఆరు వేలు అనుకుంటే 600 లీటర్లు చాలు. లీటరు ఒకటిన్నర యూరో చొప్పున 900 యూరోలు. ఇది మూడు నెలల మీద పరచండి, రోజుకు పది యూరోలు. ఇంగ్లాండు నుండి కాలేకి బండితో సహా ఓడలో గంటన్నర, సముద్రం కింద సొరంగపు రైలులో 35 నిమిషాలు. ఆ టిక్కెట్టు ఒకసారి రానుపోను కొంటే చాలు. ఫ్రాన్సులో పెద్ద రహదారులకు సుంకం ఉంది. రెండు మీటర్ల కన్నా ఎత్తైన బండికి కారు కంటే ఎక్కువ, మూడు మీటర్లు దాటితే ఇంకా ఎక్కువ. తొందర లేనివారు సుంకం లేని దారుల్లో పోతారు. పింఛనుదారులకు తొందరేమిటి? స్పెయిన్‌లో తూర్పు తీరం వెంట పోయే ఏపీ-7 రహదారిలో చాలా భాగం 2020, 2021 సంవత్సరాలలో సుంకం లేకుండా చేశారు.

రాత్రి బస సంగతి మన రైతు కుటుంబాలకు ఆసక్తిగా ఉంటుంది. ఫ్రాన్సులో చిన్న చిన్న ఊళ్ళు కూడా ఈ బండ్లకోసం ప్రత్యేక స్థలాలు ఏర్పాటు చేశాయి. కొన్ని ఉచితం, మరికొన్నింటికి కొద్ది యూరోల రుసుము. అంతకంటే మంచిది ‘ఫ్రాన్స్ పాషన్’ అనే పథకం. 1993లో మొదలైంది. ద్రాక్షతోటల వారు, పాడి రైతులు, పండ్లతోటల వారు తమ దొడ్లో ఒక రాత్రి బండి నిలుపుకోనిస్తారు, అద్దె లేదు. యాత్రికుడు ఏటా ఆ పథకంలో చేరి బండికి గుర్తు అంటించుకోవాలి. నీళ్ళు, మరుగు ఏర్పాట్లు తన బండిలోనే ఉండాలి. కొని తీరాలన్న నియమం లేదు గాని, దొడ్లో పడుకున్నవారు తెల్లవారి చీజు ముక్కో, తేనె సీసానో కొనకుండా ఎలా పోతారు? రైతుకు సరుకు సంతకు మోసే పని తప్పింది, కొనేవాడే ఇంటికి వచ్చాడు. మామిడితోటలున్న మన ఊళ్ళలో ఇలాంటిది ఎవరైనా ప్రయత్నిస్తే బాగుండునని మాకు అనిపించింది.

స్పెయిన్ చేరాక ఒకేచోట నెల రోజులు ఉండేవారికి చలికాలంలో క్యాంపు స్థలాలు అద్దె బాగా తగ్గిస్తాయి. వంట సొంతం. భోజనం ఖర్చు ఇంట్లో ఎంతో అక్కడా అంతే. పైగా ఇంగ్లాండు చలిలో ఇల్లు వేడి చేయడానికి కాలే గ్యాసు మిగులుతుంది. 2022లో అక్కడ గ్యాసు, కరెంటు ధరలు విపరీతంగా పెరిగిన తరువాత ఆ మిగులు చిన్నదేమీ కాదు. “ఇంట్లో ఉన్నదాని కంటే చౌక” అని పెద్దాయన అన్నది ఈ లెక్క చూసే.

అయితే ఈ లెక్కలో బండి లేదు. ఎడ్లను లెక్క కట్టకుండా గడ్డి మాత్రమే లెక్క కట్టినట్లున్నది.

నలుగురు పడుకోగల కొత్త మోటారుహోము ఈ రోజుల్లో 60, 70 వేల పౌండ్లకు తక్కువ కాదు. పౌండు నూరు రూపాయలు దాటింది కాబట్టి అరవై లక్షల పైమాటే. ఉదాహరణకు 60 వేలకు కొని, పదేళ్ళ తరువాత 30 వేలకు అమ్మారనుకుందాము. ఏడాదికి 3,000 పౌండ్ల తరుగు. దానికి భీమా, రోడ్డు పన్ను, ఏటేటా ఇంజను మరమ్మతు, లోపలి గ్యాసు గొట్టాలు, చెమ్మ తనిఖీ ఉంటాయి. బండి మూడేళ్ళు దాటితే ప్రభుత్వ తనిఖీ కూడా. ఇంటి ముందు చోటు లేనివారు బండి నిలపడానికి వేరే స్థలానికి అద్దె కట్టాలి. మా అమ్మాయి వాళ్ళది వరుస ఇళ్ళలో ఒక ఇల్లు, సైకిలు నిలపడమే కష్టం. టైర్ల సంగతి మరీ వింత. అవి అరిగి పాడవవు, నిలిచి పాడవుతాయి. పైన గాడి నిగనిగలాడుతున్నా కొన్నేళ్ళకు మార్చవలసిందే. ఇవన్నీ ఏడాదికి 2,000 అనుకుంటే మొత్తం 5,000 పౌండ్లు. బండి కదలకపోయినా పోయే డబ్బు ఇది.

దీన్ని రాత్రులతో భాగించి చూశాము. పక్కింటివారిలా ఏడాదికి 90 రాత్రులు వాడితే రాత్రికి 56 పౌండ్లు. 150 రాత్రులు వాడితే 33. మూడు వారాలు, అంటే 21 రాత్రులు మాత్రమే వాడితే 238. అంతా డీజిలు పోయకముందు, క్యాంపు అద్దె కట్టకముందు! ఆ 238 పౌండ్లకు నలుగురికీ మంచి హోటలే దొరుకుతుంది, డబ్బా కడిగే పని కూడా ఉండదు.

అప్పు చేసి కొంటే లెక్క ఇంకా మారుతుంది. 60 వేలు నూటికి ముప్పావలా వడ్డీకి, అంటే ఏడాదికి తొమ్మిది శాతానికి, పదేళ్ళ వాయిదాలకు తీసుకుంటే నెలకు 760 పౌండ్లు కట్టాలి. పదేళ్ళకు వడ్డీయే 31 వేలు. అది కూడా కలిపితే 21 రాత్రులు వాడేవారికి రాత్రికి 386 పౌండ్లు పడుతుంది.

మన ఊళ్ళో ఈ సంగతి ఎవరికీ చెప్పనక్కరలేదు. ఐదెకరాల రైతు ట్రాక్టరు కొంటే ఏమవుతుందో అందరూ చూసినదే. ఏడాదిలో ఇరవై రోజులు నడిచి, మిగతా రోజులు చూరు కింద నిలిచి, వాయిదాలు మాత్రం నెలనెలా అడుగుతుంది. పక్కవారి పొలాలు కూడా దున్నగలిగినవాడికే అది గిట్టుబాటు. తక్కినవాళ్ళు కిరాయికి పిలిచి దున్నించుకుంటారు. ఇంగ్లాండులో ఈ బండ్లు కూడా అద్దెకు దొరుకుతాయి. వేసవిలో రోజుకు నూరు పౌండ్ల పైనే. 140 అనుకుంటే, సొంత బండికి ఏడాదికయ్యే 5,000 పౌండ్లకు 35 రాత్రుల అద్దె సరిపోతుంది. అంటే ఏడాదిలో 35 రాత్రుల కంటే ఎక్కువ దానిలో పడుకునేవారికే సొంత బండి. అదీ చేతిలో డబ్బు ఉండి కొంటే. అప్పు చేస్తే 58 రాత్రులు.

ఇప్పుడు 58 రాత్రులు ఎవరికి ఉన్నాయి? ఉద్యోగస్తులకు లేవు. పిల్లల బడి సంగతి అంతకంటే గట్టిది. ఇంగ్లాండులో బడి రోజుల్లో పిల్లలను సెలవులకు తీసుకుపోతే జరిమానా వేస్తారు. 2024 ఆగస్టు నుండి ఒక్కొక్క బిడ్డకు, తల్లిదండ్రులలో ఒక్కొక్కరికి 80 పౌండ్లు. 21 రోజులలో కట్టకపోతే 160. కనుక బడి సెలవుల్లోనే వెళ్ళాలి. అప్పుడే ఓడ టిక్కెట్టు, క్యాంపు అద్దె, బండి అద్దె అన్నీ కొండెక్కి కూర్చుంటాయి. చలికాలపు తగ్గింపులు, నెలవారీ అద్దెలు, సుంకం లేని నిదానపు దారులు ఇవన్నీ తీరిక ఉన్నవారి చౌక. పక్కింటి పెద్దాయన లెక్క ఆయనకు సరిపోయింది. దాన్ని మా అల్లుడుగారి ఇంటికి తెస్తే సరిపోదు.

పెద్దాయనకు కూడా మునుపటంత సరిపోవడం లేదు. బ్రిటను యూరపు కూటమి నుండి బయటికి వచ్చాక, 2021 జనవరి నుండి బ్రిటిషు పాస్‌పోర్టువారు షెంజెన్ దేశాలన్నిటిలో కలిపి ఏ 180 రోజులలోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు. వెనుక అక్టోబరులో వెళ్ళి ఏప్రిలులో వచ్చేవారు. ఇప్పుడు మూడు నెలలకే తిరుగు ప్రయాణం. బండి అదే, తరుగు అదే, రాత్రులు తగ్గాయి. కొందరు స్పెయిన్ కొసన ఓడ ఎక్కి మొరాకో దాటుతారు, అక్కడి రోజులు ఈ లెక్కలోకి రావు గనుక. మా అమ్మాయి వాళ్ళవి భారతీయ పాస్‌పోర్టులు. వాళ్ళకైతే ఫ్రాన్సులో అడుగుపెట్టడానికి ముందే వీసా కావాలి. పెద్దలకు 90 యూరోలు, ఆరు నుండి పన్నెండేళ్ళలోపు పిల్లలకు 45. నలుగురికి 270 యూరోలు, దరఖాస్తు కేంద్రం రుసుము వేరే. 30 వేల యూరోల వైద్య ఖర్చుకు సరిపడే ప్రయాణ భీమా కూడా చూపించాలి. అక్కడి మనవాళ్ళు ఈ సంగతి మరచి లెక్కలు వేస్తుంటారు.

మరి మిగతా సెలవుల మాటేమిటి? చలికాలం స్పెయిన్‌లో గడపాలనుకునే ఇద్దరు పెద్దలకు చౌక విమానం ఎక్కి, నెలవారీ అద్దెకు చిన్న ఫ్లాటు తీసుకోవడం చాలాసార్లు సొంత మోటారుహోము కంటే తక్కువలో తేలుతుంది. తరుగు లేదు, టైర్లు లేవు. విమానం, హోటలు, భోజనం కలిపి అమ్మే ప్యాకేజీ సెలవులు వారం పది రోజులకు పిల్లలున్న కుటుంబాలకు అనుకూలం. ఎంతవుతుందో ముందే తెలుస్తుంది. బ్రిటనులో విమానంతో కూడిన ప్యాకేజీకి ఒక రక్షణ కూడా ఉంది. 2019 సెప్టెంబరులో థామస్ కుక్ అనే పాత ప్రయాణ సంస్థ కూలిపోయినప్పుడు విదేశాల్లో చిక్కుకున్న సుమారు లక్షన్నర మందిని ప్రభుత్వమే విమానాలు పెట్టి వెనక్కి తెచ్చింది. అన్నిటికన్నా చౌక గుడారమే. సొంత కారు, ఒక గుడారం, గ్యాసు పొయ్యి. వాన పడితే మాత్రం పిల్లలకు పండుగ, తల్లికి శ్రమ.

అమెరికాలో ఉన్న మన పిల్లలు ఎల్లోస్టోన్, గ్రాండ్ కాన్యన్ చూడటానికి ఈ బండ్లు అద్దెకు తీసుకుంటుంటారు. అక్కడివి పెద్దవి, గ్యాలనుకు ఎనిమిది, పది మైళ్ళే నడుస్తాయి. అంటే మన లెక్కలో లీటరుకు నాలుగు కిలోమీటర్లు. 2018లో అక్కడ వచ్చిన ఒక అధ్యయనం నలుగురి కుటుంబానికి ఇలాంటి సెలవులు తక్కిన వాటికంటే 21 నుండి 64 శాతం వరకు చౌక అని తేల్చింది. చేయించింది ఎవరయ్యా అంటే ఆ బండ్ల పరిశ్రమవారే. బెల్లం తియ్యదనం బెల్లం కొట్టువాడు చెబితే కాదంటామా?

డబ్బుతో కొలవనిది ఒకటి పక్కింటామె మాతో చెప్పింది. వారి స్నేహితులలో ఒక జంట పదేళ్ళు ఇలాగే తిరిగారు. ఒక చలికాలం స్పెయిన్‌లో ఉండగా భర్తకు పక్షవాతం వచ్చింది. భార్య కారు నడుపుతుంది గాని ఆ ఏడు మీటర్ల బండిని ఎన్నడూ ముట్టుకోలేదు. ఆయన ఆసుపత్రిలో, ఆమె క్యాంపులో ఒంటరిగా, భాష రాదు. భీమాలో బండిని స్వదేశం చేర్చే ఏర్పాటు ఉండబట్టి సరిపోయింది. ఇంటికి వచ్చాక ఆమె అయినకాడికి అమ్మివేసింది. పదేళ్ళకు లెక్క వేసిన తరుగు ఆ ఒక్క నెలలోనే తేలిపోయింది. అది విన్నప్పటి నుండి పక్కింటామె ప్రతి ప్రయాణంలో సగం దూరం తానే నడుపుతోందట. బ్రిటనులో 1997 జనవరికి ముందు పరీక్ష నెగ్గినవారు ఏడున్నర టన్నుల బండి దాకా నడపవచ్చు, కాని 70 ఏళ్ళు నిండితే ఆ హక్కు నిలుపుకోవడానికి వైద్య పరీక్ష ఉంది. ఆ తరువాత నెగ్గినవారికి మూడున్నర టన్నుల వరకే. మా అమ్మాయికి, అల్లుడుగారికి వర్తించేది రెండోదే. నలుగురు మనుషులు, నిండిన నీళ్ళ ట్యాంకు, సామాను ఎక్కితే చాలా బండ్లు ఆ హద్దు తాకుతాయి.

ఈ కాగితాలన్నీ ఒక ఆదివారం సాయంకాలం భోజనాల బల్ల మీద పెట్టాము. అల్లుడుగారు రెండుసార్లు చూసి, “ఇదంతా నిజమే మావయ్యగారూ, కాని పిల్లలు ఆ బండిలో ఎంత సంతోషించారో చూశారుగా” అన్నారు. చూశాము. అది కాదనలేము. అప్పుడు అమ్మాయి నోరు విప్పింది. “నెలకు 760 అంటే ఏడాదికి తొమ్మిది వేల పైన. ఆ డబ్బు కట్టడానికి నేను అదనపు రాత్రి డ్యూటీలు చేయాలి, నాన్నా. సెలవులకోసం కొన్న బండి నా సెలవుల్నే తింటుంది. నాలుగేళ్ళుగా మనం ఇంటికి వెళ్ళలేదు. డిసెంబరులో నలుగురికి హైదరాబాదు టిక్కెట్లు మూడు వేలు దాటుతాయి. వాయిదాలు కడుతూ అవి కొనగలమా?” ఆ మాటకు అల్లుడుగారు జవాబు చెప్పలేదు. మేమూ చెప్పలేదు.

మే నెలాఖరు బడి సెలవుల్లో తొమ్మిది రాత్రులకు ఒక మోటారుహోము అద్దెకు మాట్లాడుకున్నారు. రోజుకు 140 చొప్పున 1,260 పౌండ్లు. వీసా పని లేకుండా స్కాట్లాండు వైపే వెళ్తారు. అద్దె కంపెనీ కొంత జామీను సొమ్ము పట్టి ఉంచుతుంది, బండి గీత పడకుండా తిరిగి వస్తే ఇచ్చివేస్తుంది. డబ్బా కడిగే పని అల్లుడుగారిది అని మనుమరాలు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించింది. మా పెట్టెలు సర్దుకొని మేము తిరిగి వచ్చేనాటికి ఆ కాగితం అక్కడే ఉంది. దాని పక్కనే డిసెంబరు 18వ తేదీ చుట్టూ ఎర్ర సున్నా చుట్టిన క్యాలెండరు.